ఒడ్డున పది నిమిషాలు

సముద్రం లేని ఊళ్ళలో పెరిగే పిల్లలకు సముద్రం మీద ఉండే మోజు ఇంతా అంతా కాదు. మా తమ్ముడి పిల్లలు గోపీ, వాణీ పార్వతీపురంలో ఉంటారు. గోపి ఏడో తరగతి, వాణి నాలుగో తరగతి. వాళ్ళ ఊరి చుట్టూ కొండలున్నాయి, పచ్చని చేలున్నాయి, కాస్త దూరాన నాగావళి నది ఉన్నది. ఎన్ని ఉంటే ఏం లాభం? సముద్రం లేదు. అంచేత వేసవి సెలవలకు విశాఖపట్నంలో మా ఇంటికి వచ్చినప్పుడల్లా, చేతిలో సంచీ కింద పెట్టకముందే వాళ్ళు అడిగే ప్రశ్న ఒక్కటే: "పెదనాన్నా, బీచికి ఎప్పుడు?"

మొన్న వేసవిలోనూ అదే ప్రశ్న.

"రేపు పొద్దుటే వెళదాం. కాని ఒక షరతు ఉంది" అన్నాను. "ఒడ్డుకు చేరగానే నీళ్ళలోకి పరిగెత్తకూడదు. పది నిమిషాలు కదలకుండా నిలబడి సముద్రాన్ని చూడాలి."

"చూడటానికేగా వెళ్ళేది!" అన్నది వాణి.

"ఊరికే చూడటం కాదమ్మా. కనిపెట్టి చూడాలి. చూసిందేమిటో నాకు చెప్పాలి."

ఇదేదో బడిలో పెట్టే పరీక్షలా ఉందని గోపి గొణిగాడు గాని, షరతుకు ఒప్పుకున్నాడు.

మరునాడు తెల్లవారుజామునే లేచి బయలుదేరాము. మేము వెళ్ళినది రామకృష్ణా బీచికి. దగ్గరలో రామకృష్ణా మిషన్ వారి ఆశ్రమం ఉండటం వల్ల దానికి ఆ పేరు వచ్చింది. ఇప్పుడు అందరూ పొట్టిగా ఆర్కే బీచి అంటారు. విశాఖపట్నంలో ఇంతమంది కలిసే చోటు మరొకటి లేదనుకుంటాను. పొద్దుటి పూట నడకకు వచ్చేవాళ్ళు, వ్యాయామం చేసేవాళ్ళు, కాళీమాత గుడికి వచ్చేవాళ్ళు. సాయంకాలం అయ్యేసరికి మురీ మిక్చరు, కాల్చిన మొక్కజొన్న పొత్తులు, పీచు మిఠాయి, గాలిపటాలు, గుర్రపు సవారీలు. సముద్రం చూడటానికి టిక్కెట్టు లేదు. కారులో వచ్చినవారికీ, సిటీ బస్సులో వచ్చినవారికీ అదే ఇసుక, అదే గాలి.

మేము ఇసుకలోకి దిగేసరికి తూర్పున ఎర్రబారింది. మన తీరం తూర్పు తీరం గనక సూర్యుడు నీళ్ళలోంచే పైకి వచ్చినట్టు కనిపిస్తాడు. దక్షిణంగా చూస్తే, సముద్రంలోకి మూతి చాచుకుని ఉన్న పెద్ద కొండ కనపడుతుంది. అది డాల్ఫిన్ అనే సముద్ర జంతువు ముక్కులా ఉందని దాన్ని డాల్ఫిన్ నోస్ కొండ అంటారు. ఆ కొండ పక్కనుంచే ఓడలు రేవులోకి వెళతాయి.

"ఇక మొదలుపెట్టండి, పది నిమిషాలు" అన్నాను, గడియారం చూసుకుంటూ.

మొదటి రెండు నిమిషాలూ ఇద్దరూ కెరటాలు లెక్కపెట్టారు. తరువాత వాణి, "పెదనాన్నా, ఇన్ని కెరటాలు వస్తూనే ఉన్నాయి గదా, ఇంత నీరూ ఒడ్డుమీదికి వస్తే బీచి మునిగిపోదా?" అని అడిగింది.

మంచి ప్రశ్న. "మీ ఊళ్ళో వరిచేను మీద గాలి వీచినప్పుడు ఎప్పుడైనా చూశావా?" అన్నాను.

"చూశాను. చేను మీద అలలు పరిగెత్తుతాయి."

"ఆ అలతోపాటు వరి మొక్క కూడా ఈ గట్టునుంచి ఆ గట్టుకు పరిగెత్తుతుందా?"

వాణి నవ్వింది. "లేదు. మొక్క వంగి, మళ్ళీ లేస్తుంది."

సముద్రంలోనూ దాదాపు అంతే. నడిసముద్రంలో కెరటం ముందుకు పోతుంది గాని నీరు పోదు. ప్రతి నీటి బొట్టూ ఉన్నచోటనే గుండ్రంగా తిరిగి ఇంచుమించు మొదటి చోటుకే వస్తుంది. ఎక్కడో దూరాన గాలి నీటిని తోసిన బలం మాత్రం కెరటంగా ప్రయాణం చేస్తుంది. మన బంగాళాఖాతం ఒడ్డున విరిగే కెరటాలలో కొన్ని, భూమధ్యరేఖకు ఆవల, దక్షిణ సముద్రాలలో వీచిన పెనుగాలుల వల్ల పుట్టి, వేల కిలోమీటర్లు నడిచి వచ్చినవి. ఇక్కడ గాలి లేకపోయినా కెరటాలు పెద్దవిగా ఉండటం అందుకే.

అయితే లోతు తగ్గేచోట ఈ కథ మారిపోతుంది. అడుగున ఇసుక తగిలేసరికి కెరటం కాళ్ళు వెనకపడతాయి, తల ముందుకు పోతుంది. పరిగెత్తేవాడు కాలికి రాయి తగిలి ముందుకు తూలినట్టు, కెరటం ముందుకు తూలి విరిగిపోతుంది. తెల్లని నురుగు కనిపించేది అప్పుడే. అక్కడినుంచి మాత్రం నీరు నిజంగానే ఒడ్డుమీదికి వస్తుంది.

"అంటే, కెరటం ఎక్కడ విరిగితే అక్కడ లోతు తక్కువన్నమాట" అన్నాడు గోపి.

"అదీ సంగతి! ఇప్పుడు మళ్ళీ చూడు" అన్నాను.

గోపి చూశాడు. ఎడమవైపు చాలా మేరకు కెరటాలు వరసగా విరుగుతున్నాయి. కుడివైపు కూడా అంతే. మధ్యన పది పదిహేను మీటర్ల వెడల్పున మాత్రం నురుగు లేదు. నీరు కొంచెం నల్లగా, నున్నగా, చెరువులో నీరులా ఉన్నది. "అక్కడ కెరటాలే లేవు పెదనాన్నా. స్నానానికి అదే మంచి చోటు" అన్నాడు.

నేను జవాబు చెప్పేలోగా వెనకనుంచి ఎవరో, "ఆ పని మాత్రం చెయ్యకు నాయనా" అన్నారు.

తిరిగి చూస్తే, ఒడ్డుకు లాగి ఉన్న పడవ నీడన ఒక ముసలాయన కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. ఆయనది జాలరిపేట. చిన్నతనంనుంచీ సముద్రం మీదనే బతికినవాడు.

"నీళ్ళు నెమ్మదిగా ఉన్నాయి గదా, తాతా?" అన్నాడు గోపి.

"నెమ్మదిగా ఉందనే గదా బాబూ, తెలియనివాళ్ళు అక్కడ దిగేది! మేము పడవను లోపలికి తొయ్యాలంటే ఆ చోటే వెతుక్కుంటాం. ఎందుకో తెలుసా? అక్కడ సముద్రమే మా పడవను లోపలికి తీసుకుపోతుంది."

పిల్లలకు నమ్మకం కుదరలేదు. ముసలాయన లేచి, ముందురోజు ఎవరో తాగి పారేసిన కొబ్బరిబొండాలు రెండు ఏరుకొచ్చాడు. మొదటిదాన్ని కెరటాలు విరిగేచోటికి విసిరాడు. అది రెండుసార్లు మునిగి తేలి, మూడో కెరటంతో మా కాళ్ళ దగ్గరికి దొర్లుకుంటూ వచ్చింది. రెండోదాన్ని ఆ నెమ్మదినీటిలోకి విసిరాడు. అది కాసేపు అక్కడే ఊగింది. తరువాత మెల్లగా లోపలికి బయలుదేరింది. వాణి నూరు లెక్కపెట్టేసరికి అది కెరటాలు విరిగే వరసను దాటి, ఆవల నల్లని చుక్కలా కనిపించింది.

"ఎవరూ తొయ్యలేదే!" అన్నది వాణి, కళ్ళు పెద్దవి చేసి.

పిల్లలు రెండో తమాషా చూడటానికి ఇంకో బొండం వెతుకుతూండగా, కాలేజీ చదువుకునే వయసు కుర్రాళ్ళు ముగ్గురు అటుగా వచ్చారు. ఎక్కడో దూరపు ఊరినుంచి రాత్రి బస్సులో వచ్చి, తిన్నగా సముద్రానికే వచ్చినట్టున్నారు. అటూ ఇటూ చూసి, "ఇక్కడ బాగుందిరా, కెరటాలు లేవు" అనుకుంటూ, సరిగ్గా ఆ నెమ్మదినీటి వైపే నడిచారు.

ముసలాయన గట్టిగా కేకవేశాడు. నేనూ కేకవేశాను. గోపీ, వాణీ చేతులు ఊపుతూ పరిగెత్తారు. ఇద్దరు కుర్రాళ్ళు మోకాలిలోతులో ఆగి వెనక్కు వచ్చారు. ముందు నడిచినవాడు అప్పటికే నడుములోతుకు పోయాడు. మా కేకలు విని అతను ఇటు తిరిగాడు. తిరిగేలోపలే కాళ్ళ కింద ఇసుక జారిపోయింది. మరుక్షణం అతని తల మాత్రమే కనిపించింది.

అతనికి ఈత రాకపోలేదు. ఒడ్డుకేసి గబగబా బారలు వేశాడు. ఎన్ని బారలు వేసినా ముందుకు రావటం లేదు సరిగదా, వెనక్కే పోతున్నాడు. రెండో కుర్రాడు, "నేను తీసుకొస్తాను" అంటూ నీళ్ళలోకి దూకబోయాడు. ముసలాయన అతని రెక్క గట్టిగా పట్టుకున్నాడు.

"నువ్వు దిగితే ఇద్దర్ని తియ్యాలి. నిలబడు!" అన్నాడు.

ఈ లోపల ఈల వినిపించింది. బీచిలో కాపలా ఉండే గజఈతగాళ్ళు ఇద్దరు పరిగెత్తుకుంటూ వచ్చారు. ఒకాయన ఒడ్డునే నిలబడి, రెండు చేతులూ పక్కకు చాచి, "ఎదురు ఈదకు! పక్కకు రా, పక్కకు!" అని అరుస్తున్నాడు. రెండో ఆయన రబ్బరు చక్రం చంకన పెట్టుకుని, ఆశ్చర్యం చూడండి, ఆ నెమ్మదినీటిలోనే దిగాడు. కుర్రాణ్ణి లోపలికి లాగిన నీరే ఆయన్ను కూడా చప్పున అతని దగ్గరకు చేర్చింది. ఆయన చక్రం అందించాడు. ఇద్దరూ ఒడ్డుకేసి రాలేదు. ఒడ్డు వెంబడి పక్కగా, ఉత్తరంగా కొంతదూరం వెళ్ళారు. కెరటాలు విరిగేచోటికి చేరుకోగానే ఆ కెరటాలే వాళ్ళను ఒక్కొక్క తోపు తోస్తూ ఒడ్డుకు తెచ్చి వదిలాయి.

ఇదంతా జరగటానికి అయిదు నిమిషాలు పట్టలేదు. కాని వాణి నా చెయ్యి వదిలేసరికి నా మణికట్టు మీద ఆమె గోళ్ళ గుర్తులు ఉన్నాయి.

ఆ కుర్రాడు ఇసుకమీద కూర్చుని, ఉప్పునీళ్ళు కక్కి, చాలాసేపు మాట్లాడలేదు. చివరకు అన్నమాట ఇది: "నీళ్ళు నడుములోతే ఉన్నాయండీ. నడుములోతే!"

ఎండ ఎక్కుతున్నది. పడవ నీడన కూర్చుని, పిల్లలకు ఇసుకలో బొమ్మ గీసి చూపించాను. మీరు కూడా ఆ బొమ్మను ఊహించుకోండి.

వరిమడి ఉన్నది. చుట్టూ గట్టు ఉన్నది. మడిలోకి నీరు వచ్చిపడుతూనే ఉన్నది. గట్టుకు ఒకచోట గండి పడితే ఏమవుతుంది? మడిలో నీరంతా ఆ గండిలోంచి జోరుగా బయటికి పోతుంది. గట్టు పొడుగునా నెమ్మదిగా పోదు. ఆ ఒక్కచోటనే పోతుంది.

సముద్రపు ఒడ్డున కూడా నీటి అడుగున, ఒడ్డుకు కొంతదూరంలో, ఇసుక గట్లు ఉంటాయి. కెరటాలు ఆ గట్లమీద విరిగి, నీటిని ఇవతలికి పోస్తూ ఉంటాయి. అలా వచ్చిన నీరు మళ్ళీ సముద్రంలోకి పోవాలి గదా! ఇసుక గట్టులో ఎక్కడ గండి ఉంటే అక్కడినుంచి అదంతా ఒకే పాయగా లోపలికి పరిగెత్తుతుంది. దీనికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు రిప్ కరెంటు. గండిలో లోతు ఎక్కువ. లోతు ఎక్కువైనచోట కెరటం విరగదు. అంచేతనే ఆ చోటు నెమ్మదిగా, నున్నగా కనిపిస్తుంది. అన్నిటికంటె భయంకరమైన చోటు అన్నిటికంటె సాధువులా కనిపించటానికి కారణం ఇదే.

రిప్ కరెంటు ఎంత జోరుగా ఉంటుంది? సాధారణంగా మనిషి నెమ్మదిగా నడిచేటంత. కాని బలమైనది సెకనుకు 2 మీటర్ల వేగం దాకా పోగలదు. అంటే 100 మీటర్లు 50 సెకన్లలో అన్నమాట. ప్రపంచంలోకెల్లా వేగంగా ఈదేవారికి 100 మీటర్లు ఈదటానికి 46 సెకన్లకు పైనే పడుతుంది. దానికి ఎదురీది గెలుద్దామనుకోవటం ఎంత తెలివితక్కువో ఇప్పుడు ఆలోచించండి!

"అది మనిషిని అడుక్కు లాగేస్తుందా?" అని అడిగాడు గోపి.

లాగదు. చాలామందికి ఉన్న భయం ఇదే. రిప్ కరెంటు మనిషిని ఒడ్డునుంచి దూరంగా తీసుకుపోతుంది గాని, అడుక్కు తొక్కదు. కెరటాలు విరిగే వరస దాటాక దాని బలం దానంతట అదే తగ్గిపోతుంది. మనుషులు చనిపోయేది అది ముంచటం వల్ల కాదు. భయపడి, ఒడ్డుకేసి ఎదురీది, అలిసిపోయి మునిగిపోవటం వల్ల. అంచేత అందులో చిక్కుకున్నవాడు మొదట చెయ్యవలసిన పని, కంగారు పడకుండా ఉండటం. తరువాత ఒడ్డుకేసి కాక, ఒడ్డు వెంబడి పక్కకు ఈదాలి. రిప్ కరెంటు వెడల్పు చాలాసార్లు పది ఇరవై మీటర్లే. పక్కకు తప్పుకుంటే బయటపడవచ్చు. పక్కకు రాలేకపోతే ఊరికే వెల్లకిలా తేలుతూ, చెయ్యి పైకెత్తి సాయం కోసం కేకవెయ్యాలి.

ఒడ్డున ఉన్నవాళ్ళ పని మరొకటి. స్నేహం కొద్దీ నీళ్ళలోకి దూకరాదు. గజఈతగాళ్ళను పిలవాలి. వాళ్ళు దగ్గర లేకపోతే 112కు ఫోను చెయ్యాలి. నీటిమీద తేలే వస్తువేదైనా, మూతపెట్టిన ఖాళీ నీళ్ళ డబ్బా అయినా సరే, విసరాలి. చిక్కుకున్నవాడి మీదనుంచి చూపు తిప్పకూడదు.

మధ్యాహ్నం ఎండ చల్లబడ్డాక పిల్లలకు జలాంతర్గామి చూపించాను. దాని పేరు ఐ.ఎన్.ఎస్. కుర్సురా. సోవియట్ యూనియన్‌లో తయారై, 1969లో మన నౌకాదళంలో చేరి, 2001 దాకా పనిచేసింది. 2002నుంచి ఈ బీచిలోనే మ్యూజియంగా ఉన్నది. పొడుగు సుమారు 91 మీటర్లు. లోపల నావికుల మంచాలు, వంటగది, యంత్రాలు అన్నీ ఉన్నాయి. పెద్దవాళ్ళు వంగి నడవాలి, పిల్లలకు మాత్రం హాయిగా ఉంటుంది. రోడ్డుకు అవతలి వైపున టి.యు. 142 అనే పెద్ద విమానాన్ని 2017లో మ్యూజియం చేశారు. 1971 యుద్ధంలో గెలుపుకు గుర్తుగా 1996లో కట్టిన స్మారక స్తంభం కూడా బీచి రోడ్డులోనే ఉన్నది.

అవన్నీ చూసినా గోపి మనసు మాత్రం పొద్దుటి గండి మీదనే ఉన్నది. "పెదనాన్నా, ఆ ఇసుక గట్టును ఎవరు కట్టారు? గండి ఎవరు కొట్టారు?" అని అడిగాడు.

రెండూ కెరటాలే చేశాయి. సముద్రపు ఒడ్డున ఇసుక ఒకచోట నిలబడి ఉంటుందనుకోవటం పొరపాటు. గుప్పెడు ఇసుక తీసి చూస్తే అందులో తెల్ల రేణువులు, నల్ల రేణువులు, ఎర్రని రేణువులు కనిపిస్తాయి. ఎర్రనివి గార్నెట్ అనే ఖనిజానివి. మన తూర్పు కనుమల రాళ్ళలో అది విస్తారంగా ఉన్నది. కొండలు అరిగి, వానకు వాగులలో పడి, నదులలో కొట్టుకుని, సముద్రం చేరి ఈ ఇసుక తయారైంది. వాణి దగ్గర బొమ్మల పెట్టెలో ఒక అయస్కాంతం ఉన్నది. దాన్ని ఇసుకలో తిప్పితే కొన్ని నల్ల రేణువులు మీసాల్లా అంటుకున్నాయి. "అయితే ఇది మా కొండల ఇసుకే కావచ్చు!" అన్నది వాణి. కావచ్చు, ఎవరు చెప్పగలరు?

సముద్రం చేరాక కూడా ఇసుక ప్రయాణం ఆగదు. నైరుతి గాలులు వీచే నెలల్లో కెరటాలు దక్షిణంనుంచి ఏటవాలుగా వచ్చి ఒడ్డుకు కొడతాయి. వచ్చేటప్పుడు ఇసుకను ఏటవాలుగా పైకి తెస్తాయి. నీరు మాత్రం వాలు వెంట తిన్నగా దిగిపోతుంది. ఇలా ఒక్కొక్క కెరటానికీ ఒక్కొక్క అడుగు వేస్తూ ఇసుక ఉత్తరానికి నడుస్తుంది. చలికాలంలో ఈశాన్యపు గాలులకు కొంత వెనక్కు వస్తుంది గాని, ఏడాది మొత్తం మీద ఉత్తరానికి పోయేదే ఎక్కువ. మన తీరం వెంబడి కంటికి కనిపించని ఇసుక నది ఒకటి పారుతున్నదన్నమాట.

ఆ నదికి అడ్డంగా మనిషి ఏదైనా కడితే ఏమవుతుంది? విశాఖపట్నం రేవు 1933లో ఓడలకు తెరుచుకున్నది. తరువాత 1970లలో సముద్రంలోకి పెద్ద రాతి గోడలు కట్టి బయటి రేవు తయారుచేశారు. ఓడలకు అది ఎంతో అవసరం. అయితే రేవుకు దక్షిణాన ఇసుక ఆగిపోతుంది. ఉత్తరాన ఉన్న రామకృష్ణా బీచికి రావలసిన ఇసుక తక్కువవుతుంది. కెరటాలు ఉన్న ఇసుకను పట్టుకుపోవటం మానవు గదా! అందుకని రేవు దగ్గర చేరిన ఇసుకను తవ్వోడలతో తవ్వి, తెచ్చి ఈ బీచిలో పోస్తూ వచ్చారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ నగరం మీదనే తీరం దాటింది. అప్పుడూ, ఆ తరువాతా సముద్రం ఇసుకను కోసేసి, బీచి రోడ్డుకు కూడా ముప్పు తెచ్చింది.

మద్రాసులో ఇదే ఇసుక నది ఇంకో విచిత్రం చేసింది. అక్కడ మెరీనా బీచి రేవుకు దక్షిణాన ఉన్నది. 19వ శతాబ్దం చివర రేవు గోడలు కట్టాక ఇసుక దక్షిణాన ఆగి, మెరీనా ఏటేటా వెడల్పయింది. రేవుకు ఉత్తరాన ఉన్న రాయపురం వైపు మాత్రం సముద్రం నేలను తినేసింది. ఒక ఊళ్ళో బీచిని పెంచినదీ, ఇంకో ఊళ్ళో బీచిని తరిగించినదీ ఒకే కారణం. రేవుకు ఏ పక్కన ఉన్నామన్నదే తేడా!

మరునాడు పొద్దుట మళ్ళీ అదే వేళకు వెళ్ళాము. ఈసారి షరతు ఎవరూ గుర్తు చెయ్యలేదు. పిల్లలిద్దరూ తమంతట తామే నడుముమీద చేతులు పెట్టుకుని నిలబడి చూశారు. నిన్న నున్నని నీరు ఉన్నచోట ఇవాళ కెరటాలు విరుగుతున్నాయి!

"గండి పూడిపోయింది" అన్నాడు గోపి.

"పూడలేదు, అదిగో అక్కడికి జరిగింది" అన్నది వాణి, ఇంకా ఉత్తరంగా వేలు చూపిస్తూ.

నిజమే. రాత్రంతా కెరటాలు ఇసుకను సర్దాయి. ఇంకో తేడా కూడా ఉన్నది. సముద్రపు నీరు రోజుకు రెండుసార్లు పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. అవే ఆటుపోట్లు. ఇవి ప్రతిరోజూ ముందురోజుకంటె సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. అంచేత నిన్న ఇదే గంటకు ఉన్నంత లోతు ఇవాళ ఉండదు. "నిన్న ఇక్కడే గదా స్నానం చేశాం, ఏమీ కాలేదు" అనే మాట సముద్రం దగ్గర చెల్లదు. నిన్నటి ఒడ్డు వేరు, ఇవాళ్టి ఒడ్డు వేరు.

ముసలాయన వల భుజాన వేసుకుని పోతూ వాణి మాటలు విన్నాడు. "ఈ పిల్లకు కళ్ళున్నాయి" అన్నాడు. ఆ మెప్పుతో వాణి పొంగిపోయి, ఇంటికి వెళ్ళేదాకా నాలుగుసార్లు నాకు గుర్తుచేసింది.

ఆ రోజు గజఈతగాళ్ళు చూపించినచోట, మోకాలిలోతులో, నా చేతులు పట్టుకుని పిల్లలు కెరటాలతో తనివితీరా ఆడుకున్నారు. కెరటం వస్తే ఎగిరారు, పడ్డారు, లేచారు, ముక్కుల్లోకి ఉప్పునీరు పోయి తుమ్మారు. సముద్రం సంగతి తెలిసినంత మాత్రాన ఆటలో సరదా తగ్గలేదు. ఇంకా ఎక్కువైందనే నాకు తోచింది. ప్రతి కెరటానికీ, "ఇది దక్షిణ సముద్రంనుంచి వచ్చింది!" అని గోపి అరవటమూ, "కాదు, దగ్గరిదే!" అని వాణి వాదించటమూను.

మీలో చాలామంది సెలవలకు సముద్రానికి వెళతారు. విశాఖపట్నం కావచ్చు, భీమిలి కావచ్చు, మచిలీపట్నం దగ్గరి మంగినపూడి కావచ్చు, బాపట్ల దగ్గరి సూర్యలంక కావచ్చు. సముద్రమే లేని హైదరాబాదులో ఒక సంస్థ ఉన్నది, 1999లో పెట్టినది. దాన్ని ఇన్‌కాయిస్ అంటారు. దేశమంతటా సముద్రం ఎలా ఉండబోతున్నదో, కెరటాలు ఎంత ఎత్తు రాబోతున్నాయో అక్కడి శాస్త్రజ్ఞులు రాత్రింబవళ్ళు కనిపెట్టి చెబుతూ ఉంటారు. బయలుదేరేముందు మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఆ హెచ్చరికలు చూడటం మంచిది. కాని ఎంత పెద్ద సంస్థ అయినా, మీరు నిలబడినచోట, మీ కాళ్ళ ముందు గండి ఎక్కడ ఉన్నదో చెప్పలేదు. అది ఒడ్డున ఉన్నవాళ్ళే చూసుకోవాలి.

అందుకు కావలసినది పది నిమిషాలు. చెప్పులు విప్పకముందు, నీళ్ళలో కాలు పెట్టకముందు, ఎత్తైనచోట నిలబడి చూడండి. కెరటాలు ఎక్కడ విరుగుతున్నాయి? ఎక్కడ విరగటం లేదు? నురుగు గాని, బురదనీరు గాని ఎక్కడైనా లోపలికి పోతున్నదా? రాళ్ళు ఉన్నాయా? వాటి పక్కన కూడా ఇలాంటి పాయలు ఏర్పడతాయి. గజఈతగాళ్ళు ఎక్కడ ఉన్నారు? వాళ్ళను అడగండి. జాలరులు కనిపిస్తే వాళ్ళనూ అడగండి. అడిగితే సంతోషంగా చెబుతారు. చీకటిపడ్డాక నీళ్ళలోకి దిగకండి. పెద్దవాళ్ళ చెయ్యి వదలకండి.

పెద్దలతో కూడా ఒక మాట. పిల్లలు నీళ్ళకేసి పరిగెత్తుతూంటే ఆపటం కష్టమే. మేము కొబ్బరిబొండంతో ఆడిన ఆట వాళ్ళకు చూపించండి. ఒడ్డున పడి ఉన్న బొండాన్నే విసరండి, కొత్త చెత్త వెయ్యకండి. ఒకసారి ఆ బొండం తనంతట తాను లోపలికి పోవటం చూసిన పిల్లవాడు మళ్ళీ నెమ్మదినీటిని చూసి మోసపోడు. మా వాణి పార్వతీపురం వెళ్ళి తన తరగతిలో నల్లబల్లమీద వరిమడి, గట్టు, గండి బొమ్మ గీసి అందరికీ ఈ సంగతి చెప్పిందట. వాళ్ళలో సముద్రం చూసినవాళ్ళు నలుగురే. చూడబోయేవాళ్ళు ఎందరో.